కనెక్టర్లో అక్షింత

గురజాలలో మాచర్ల రోడ్డు మీద గోపీనాథ్‌కు ఒక పురుగుమందుల కొట్టుంది, ఆ కొట్టు ముందు నిలబెట్టడానికి ఒక విదేశీ మోటారు సైకిలుంది. కొట్టుకీ ఇంటికీ మధ్య దూరం అర కిలోమీటరు. ఆ అర కిలోమీటరుకు ఆయన మోకాళ్లకు కవచాలు, చేతులకు తోలు తొడుగులు వేసుకుని, హెల్మెట్టు మీద కెమెరా బిగించుకుని బయల్దేరతాడు. బండి హైదరాబాదులో ఎవరో వాడి వదిలించుకున్నది. ఎత్తు ఎక్కువ. ఆగితే ఆయన కాలి వేళ్ల కొసలు మాత్రమే నేలకు ఆనతాయి, అందుకని ఆయన ఎక్కడా ఆగడు, ఎదురుగా గేదెల మందున్నా సరే. గేదెలే తప్పుకోవాలి.

ఆ బండిలో ట్యాంకు నుంచి ఇంజనుకు రెండు గొట్టాలు పోతాయి. ఒకటి పెట్రోలు తీసుకెళ్లేది, రెండోది మిగిలింది వెనక్కి తెచ్చేది. ట్యాంకు దించాలంటే గొట్టాలు ఊడదియ్యాలి కాబట్టి, ఊడదీసినప్పుడు పెట్రోలు కారకుండా ఒక్కో గొట్టానికి ఒక కనెక్టరు పెట్టారు. రెండు సగాలు. బొత్తం నొక్కితే విడిపోతాయి, లోపలున్న చిన్న వాల్వు వెంటనే మూసుకుంటుంది. మళ్లీ కలిపి నెడితే టక్కుమని పడతాయి. అంతా బాగానే ఉంది గాని, వాటిని చేసింది ప్లాస్టిక్కుతో. మన మిరప కల్లాల దుమ్ములో, పిడుగురాళ్ల సున్నపు దుమ్ములో గాలి ఫిల్టరు నెలకోసారి దులపాల్సిందే, దులపాలంటే ట్యాంకు దించాల్సిందే. గోపీనాథ్ పద్నాలుగు వీడియోలు చూసి ఆ పనికి తనే దిగాడు. మొదటి కనెక్టరు విరిచాడు. రెండోది కూడా విరిగితే గాని వీడియోలో చూపించింది వేరే మోడలని ఆయనకు తట్టలేదు.

దాంతో బయటి దేశం నుంచి ఇనప కనెక్టర్లు తెప్పించాడు. రెండు జతలు, నగల పెట్టె లాంటి అట్టపెట్టెలో వచ్చాయి. వాటిని పట్టుకుని శుక్రవారం పొద్దున పది దాటాక తౌఫీక్ షెడ్డుకు వచ్చాడు.

తౌఫీక్ గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ల నాన్న సుభానీ సైకిళ్లు బాగుచేసిన చోటే ఇరవై రెండేళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాడు. రోడ్డుకు అవతల పోయే బండి చప్పుడు విని దానికి ఏ జబ్బో చెప్పగలడు. మనిషి మాత్రం మెత్తన. ఎదుటివాడు గొంతు పెంచితే తౌఫీక్ పానా అందుకుని ఇంజన్లోకి వంగుతాడు. ఇనుముతో మాట్లాడినంత సులువుగా మనుషులతో మాట్లాడలేడు. ఊళ్లో ఆయనకున్న ఆస్తల్లా ఒక్క మాటే: సుభానీ కొడుకు పనిచేస్తే మళ్లీ విప్పే పనుండదు.

గోపీనాథ్ చేతిలో ఇప్పుడు అట్టపెట్టె లేదు, ఇత్తడి పళ్లెం ఉంది. అందులో తమలపాకుల మీద నాలుగు ఇనప ముక్కలు, తలంటు పోసి కూర్చోబెట్టిన పెళ్లికొడుకుల్లా. నిలువెల్లా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, చుట్టూ అక్షింతలు. ఇందులో వింతేమీ లేదు. గురజాలలో కొత్త టైరుకూ బొట్టు పెడతారు, బోరు మోటారుకూ పెడతారు. తౌఫీక్ షెడ్డులో గాలి మిషనుకు దసరా నాటి బొట్టు ఇంకా చెరగలేదు, దాన్ని పెట్టింది తౌఫీకే. వింతల్లా ఏమిటంటే, ఎవరు టైరుకు బొట్టు పెట్టినా పైన పెడతారు. గోపీనాథ్ దేన్నీ పైపైన చేసే మనిషి కాడు.

పదిన్నరకు రాహుకాలం వస్తోందని, ఆ లోపలే బిగించాలని చెప్పాడు. అంటే ఇరవై నిమిషాలు. కొత్త సామాను ఏది వచ్చినా పెట్రోల్లో కడిగి, గాలి కొట్టి, ఆ తర్వాతే ఎక్కించడం తౌఫీక్‌కు వాళ్ల నాన్న నేర్పిన అలవాటు. కడుగుడు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఏంది, పూజ చేసినదాన్ని కడుగుతావా?" అన్నాడు గోపీనాథ్.

గొంతేమీ పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదు. షెడ్డులో బండి కోసం కూర్చున్న వెంకటకృష్ణ, ఇంకో ఇద్దరూ తలెత్తి తౌఫీక్ వంక చూశారు, అంతే. తౌఫీక్ చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది.

అక్కడ రోజూ పేపరు చదువుకోవడానికి వచ్చే ఆనందరావు మాస్టారు ఒకాయన ఉన్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు, ఆదివారాలు చర్చిలో పాటలు చూసుకుంటాడు. కనెక్టర్ల పెట్టెలో వచ్చిన కాగితం గోపీనాథ్ దగ్గర అందుకుని కళ్లజోడు సవరించుకున్నాడు. రబ్బరు రింగుకు పల్చగా నూనె రాయమనీ, లోపల దుమ్ము ధూళి లేకుండా శుభ్రంగా ఉండాలనీ రాశారని చదివి చెప్పాడు.

"పూజ చేసినదాన్ని మించిన శుభ్రం ఏముంటది మాస్టారూ?" అన్నాడు గోపీనాథ్.

మాస్టారు కాగితం మడతపెట్టి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినాయన చేసిన పని అది. ఇక తౌఫీక్‌ను ఏమంటాం? పాత గొట్టాల క్లిప్పులు కోశాడు, ఇనప ముక్కలు గొట్టాల్లోకి నెట్టాడు, కొత్త క్లిప్పులు బిగించాడు, సగానికి సగం కలిపాడు. మూడుసార్లు లాగి చూశాడు, ఊడలేదు. ఇంజను స్టార్టయింది. పది ఇరవై ఎనిమిదికి గోపీనాథ్ హెల్మెట్టు పెట్టుకుని, ఆదివారం కొట్టు ముందు నలుగురికీ చూపించబోతున్నానని, నువ్వూ రావాలని ఆజ్ఞాపించి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున నలుగురు కాదు, నలభై మంది వచ్చారు. ఊళ్లో ఆ పూట వేరే వినోదం లేదు. గోపీనాథ్ ఫోనును స్టాండుకు తగిలించి లైవు పెట్టాడు. భార్య విజయలక్ష్మి చేత కొబ్బరికాయ, కర్పూరం తెప్పించాడు. బండి సీటు మీద అరటిపండుకు గుచ్చిన అగరొత్తులు వెలుగుతున్నాయి. ట్యాంకు దించడానికి మెకానిక్కులు గంట తీసుకుంటారని, తాను ఒక్క నిమిషంలో దించుతానని, ఒక్క చుక్క కూడా నేలపాలు కాదని ఫోనుకు చెప్పాడు. ఈ విషయాలు మన దగ్గర ఎవరికీ తెలియవని కూడా చెప్పాడు. జనం తలలూపారు, తెలియదన్న సంగతి మాత్రం వాళ్లకు తెలుసు గనక.

మొదటి కనెక్టరు నొక్కాడు. విడిపోయింది, చుక్క పడలేదు. చప్పట్లు. రెండోది నొక్కాడు. విడిపోయింది. ట్యాంకు నిండా ఉన్న పెట్రోలు ఆయన తెల్ల ప్యాంటు మీదికి దూకింది.

విజయలక్ష్మి అగరొత్తుల్ని అరటిపండుతో సహా లాగి పక్కనున్న నీళ్ల బకెట్లో ముంచింది. గుంపులో ఉన్న తౌఫీక్ ముందుకు ఉరికి కారే కంత మీద బొటనవేలు అదిమాడు. గోపీనాథ్ రెండడుగులు వెనక్కి వేశాడు, ఎంత నష్టం జరిగినా ఫోను చూపులోంచి మాత్రం పక్కకు పోలేదు. లోపలి నుంచి ఖాళీ డబ్బా తెచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ తౌఫీక్ బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేలు తియ్యకుండా, మోచెయ్యి దాకా పెట్రోలు కారుతుంటే తల వంచుకుని ఉన్నాడు. నలభై మందిని తగలబడకుండా కాపాడుతున్న మనిషి చూడ్డానికి దొరికిపోయిన దొంగలా ఉన్నాడు. ఆయన తల మీదుగా గోపీనాథ్ ఫోనుకు ఉపన్యాసం ఇచ్చాడు.

"చూశారుగా. సామాను ఫారినుది, చెయ్యి మనోడిది. ఇదీ మన పనోళ్ల పనితనం."

మధ్యాహ్నానికి ఆ వీడియో ప్రతి ఫోనులోకీ చేరింది. ఎవరు కనిపెట్టారో గాని తౌఫీక్‌కు బొటనవేలు మెకానిక్కు అని పేరు కూడా పెట్టారు. సోమవారం షెడ్డుకు రెండు బళ్లు వచ్చాయి, రెండూ గాలి కొట్టించుకోవడానికే. మంగళవారం ఎప్పుడూ వచ్చే వెంకటకృష్ణ షెడ్డు ముందు నుంచే పిడుగురాళ్ల వైపు వెళ్లాడు, క్లచ్చు జారుతున్న చప్పుడు తౌఫీక్‌కు వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు తన చేతులు లేకుండానే దూరమైపోయింది. ఇరవై రెండేళ్లు కట్టిన మాట ఐదు నిమిషాల్లో కూలిందని ఏడుపొచ్చింది. ఏడవలేదు, పానాలు తుడుచుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నమే ఆ కనెక్టరు తెచ్చి విప్పాడాయన. రబ్బరు రింగు చుట్టూ కుంకుమ ముద్దలా పేరుకుపోయింది. వాల్వుకూ దాని గుండ్రటి మూతికీ మధ్య అడ్డంగా, చెక్కుచెదరకుండా, ఒక బియ్యపు గింజ ఉంది. పచ్చటి గింజ. అది వాల్వును మూసుకోనివ్వలేదు. తౌఫీక్ దాన్ని సూదితో తీసి, బేరింగు గుండ్లు వేసుకునే చిన్న గాజు సీసాలో వేశాడు. ఆనందరావు మాస్టారికి చూపించాడు.

మాస్టారు సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. ఆయన ముఖం ముందు వెలిగి, ఆ వెంటనే ఆరిపోయింది.

"నువ్వు చెప్తే ఒక రకం, నేను చెప్తే ఇంకో రకం. మనిద్దరం కాక ఎవరైనా చెప్పాలయ్యా," అన్నాడు.

ఇదీ సంగతి. నిజం సీసాలో ఉంది, మూత తియ్యడానికి మనిషి లేడు. అక్షింతల వల్ల పెట్రోలు కారిందని తౌఫీక్ అంటే, ఊళ్లో కనెక్టరు సంగతి ఒక్కరు కూడా మాట్లాడరు, తౌఫీక్ సంగతే మాట్లాడతారు. అలాంటి మాటలు ఫోనుల్లో ఎంత దూరం పోతాయో, ఎవరెవర్ని షెడ్డు ముందుకు తెస్తాయో ఆయనకు తెలుసు. ఒక వాక్యం కట్టుకునేవాడు, అందులో ఒక మాట తీసేసేవాడు, చివరికి ఏమీ మిగిలేది కాదు. ఇంజను మొత్తం విప్పి ఒక్క మర మిగలకుండా బిగించే మనిషికి ఒక్క వాక్యం బిగించడం చేతకాలేదు. నిజానికి ఆ వాక్యం శుక్రవారం నాడే, గిన్నె ముందున్నప్పుడే అనాల్సింది. దానికి తగ్గ గుండె అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

బుధవారం విజయలక్ష్మి స్కూటరు తోసుకుంటూ వచ్చింది. ముందు బ్రేకు పట్టడం లేదంది. ఆ రోజుకు ఆమే మొదటి బేరం, చివరి బేరం కూడా. తౌఫీక్ బ్రేకు విప్పుతుంటే ఆమె బల్ల మీదున్న సీసా తీసి చూసింది.

"ఇది యాడ దొరికింది తౌఫీకూ?"

తౌఫీక్ బ్రేకులోకి ఇంకాస్త వంగాడు. ఏదో గింజ వదినా అన్నాడు. ఆమె ఊరుకోలేదు, సీసా ఆయన ముక్కు ముందు పెట్టి నిలబడింది. ఆయన నోటితో చెప్పలేక, బల్ల మీద విప్పి పెట్టిన కనెక్టరు వైపు చెయ్యి చూపించాడు.

ఆమె దానివంకా, దీనివంకా చూసింది. అక్కడున్న ఖాళీ డబ్బా మీద కూలబడి కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నవ్వు ఆగాక ముఖం కోపంగా మారింది. ఆ అక్షింతలు కలిపింది తనేనని, లోపల వెయ్యొద్దని తాను చెబుతున్నా వినకుండా ఆయన కంతల్లోకి గుప్పిట్లతో పోశాడని, బొట్టు లోపలికంటా వెళ్లాలని వేలితో కుంకుమ కూరాడని చెప్పింది. రేపు ఆయన్ను బండితో పంపిస్తాననీ, తానూ వస్తాననీ అంది. నువ్వేమీ మాట్లాడొద్దు అంది. ఈ చివరి మాట తౌఫీక్‌కు చానా హాయిగా వినపడింది.

గురువారం పొద్దున గోపీనాథ్ బండిని ఆటోలో వేయించుకుని వచ్చాడు. ఫోను స్టాండు కూడా వచ్చింది. తప్పు సరిదిద్దించుకోవడం కూడా లైవులో పెడితే జనం బాగా చూస్తారని ఎవరో చెప్పారట. వెంకటకృష్ణా వచ్చాడు, ఇంకో పదిహేను మందీ వచ్చారు. పళ్లెం మళ్లీ వచ్చింది, పసుపూ అక్షింతలతో సహా. గోపీనాథ్ ఫోనుకేసి చూసి గొంతు సవరించుకునేలోపే విజయలక్ష్మి ముందుకొచ్చి సీసా ఎత్తి పట్టుకుంది.

"ఈ గింజ మా ఇంటిది. పసుపు నేను కలిపా. ఈయన కంతలో పోశాడు, అది అడ్డం పడి పెట్రోలు కారింది. తౌఫీకు తప్పు ఇందులో వెంట్రుకంత లేదు."

గోపీనాథ్ ముఖం ఎర్రబడింది, పాలిపోయింది, ఆ తర్వాత, చూస్తుండగానే, వెలిగిపోయింది. భార్య చేతిలోంచి సీసా తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఫోనుకు దగ్గరగా చూపించాడు. ఆదివారం అన్ని లీటర్ల పెట్రోలు కారింది, పక్కనే అగరొత్తులు వెలుగుతున్నాయి, నిప్పురవ్వ అంటుకుందా అని అడిగాడు. అంటుకోలేదని జనం ఒప్పుకున్నారు. ఎందుకు అంటుకోలేదు అని అడిగాడు. నీళ్ల బకెట్టు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, బొటనవేలు సంగతి అసలే గుర్తు రాలేదు. లోపల అక్షింత ఉంది కాబట్టి అన్నాడు గోపీనాథ్. వెంకటకృష్ణ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. విజయలక్ష్మి నోరు తెరిచింది గాని మొగుడి వంక చూసి మూసుకుంది. పదహారేళ్ల కాపురంలో ఆమెకు ఈ మనిషి అంత కొత్తేమీ కాదు.

అలా తౌఫీక్ తప్పు లేదని తేలిపోయింది. దేవుడి పని కాబట్టి మెకానిక్కు పని కాదు. ఆయన మాట ఆయనకు తిరిగొచ్చింది, కాకపోతే ఎవరిదో చొక్కా ఇచ్చి ఇది నీదేలే తొడుక్కోమన్నట్టుగా. ఆనందరావు మాస్టారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, పేపరు ఊగుతోంది.

తౌఫీక్ రెండు కనెక్టర్లనూ అందరి ముందే పెట్రోల్లో కడిగాడు. ఈసారి ఎవరినీ అడగలేదు. గాలి కొట్టాడు, రింగులకు నూనె రాశాడు. మొదటిది కలిపాడు. రెండోది చేతిలో ఉండగా గోపీనాథ్ పళ్లెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసుకుని ఆ కంత వైపు వంగాడు.

"పోయినసారి ఒక్కదాంట్లోనే ఉండింది. ఈసారి రెంటిలోనూ ఉండాలి."

తౌఫీక్ బొటనవేలు కంత మీద పడింది. అదే వేలు. అది తన ప్రమేయం లేకుండానే పడింది, పడ్డాక తియ్యబుద్ధి కాలేదు. అక్షింతలు వేలి మీదా గోటి మీదా పడి జారిపోయాయి.

"తియ్యరా వేలు," అన్నాడు గోపీనాథ్.

పదిహేను మంది చూస్తున్నారు. ఫోను చూస్తోంది. శుక్రవారం చూసిన చూపే వెంకటకృష్ణ మళ్లీ చూశాడు. తౌఫీక్‌కు భయం భయంగానే ఉంది. అయినా వారం రోజులుగా విరిగిపోతున్న వాక్యం ఎట్టకేలకు నోట్లోంచి బయటికొచ్చింది.

"పైన ఎన్నైనా చల్లు అన్నా, నేను పట్టుకుంటా. లోపలికి మాత్రం పెట్రోలు తప్ప ఏదీ పోదు. ఈ షెడ్డులో ఇంతే."

గొంతు సన్నగా వచ్చింది, వణికింది కూడా. అయినా వచ్చింది. గోపీనాథ్ చుట్టూ చూశాడు, ఎవరైనా తన తరఫున మాట్లాడతారేమోనని. మాస్టారు పేపరు దించి, అవునవును, కాగితంలోనూ అదే రాశారన్నాడు. శుక్రవారం మింగిన మాటను ఆయన కూడా ఇవాళ కక్కేశాడు. విజయలక్ష్మి మొగుడి గుప్పిటను మెల్లగా ట్యాంకు వైపు తిప్పింది. అక్షింతలు ట్యాంకు మీద పడ్డాయి.

కనెక్టరు టక్కుమని పడింది. తౌఫీక్ మూడుసార్లు లాగాడు. మళ్లీ నొక్కి విడదీశాడు, చుక్క పడలేదు. మళ్లీ కలిపాడు. గోపీనాథ్ మోకాళ్ల కవచాలు బిగించుకుని అర కిలోమీటరు ప్రయాణానికి బయల్దేరాడు.

సాయంత్రానికి ఆ లైవు కాస్తా కత్తిరించిన వీడియోగా అందరి ఫోనుల్లోకీ వచ్చింది. తౌఫీక్ మూడుసార్లు చూశాడు. గాజు సీసా ఉంది, దణ్ణం పెడుతున్న వెంకటకృష్ణ ఉన్నాడు, నిప్పంటుకోని పెట్రోలు గురించిన ఉపన్యాసం మొత్తం ఉంది. విజయలక్ష్మి అన్నదాంట్లో ఈ గింజ మా ఇంటిది అన్నంతవరకే ఉంది. తౌఫీక్ బొటనవేలు అర క్షణం కనపడి పోయింది. ఆయన అన్న ఆ ఒక్క మాటా ఎక్కడా లేదు. ఇన్నాళ్లకు ఒక్క వాక్యం బిగిస్తే, దాన్ని కూడా ఊడదీసి పక్కన పడేశారు. తౌఫీక్‌కు ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు ఎనిమిది బళ్లున్నాయి. అన్నిటికంటే ముందు వెంకటకృష్ణ బండి, పిడుగురాళ్లలో క్లచ్చు సరిగ్గా పడలేదట. చేతిలో ఒక కాగితం పొట్లం ఉంది, పసుపు మరక పైకి తేలింది. ఎవరైనా వింటారేమోనన్నట్టు దగ్గరకొచ్చి, కార్బురేటర్లో రెండు గింజలు వెయ్యి తమ్ముడూ, నీ చేత్తో వేస్తే బాగుంటదంట అన్నాడు. వెనక ఇంకో ఇద్దరి చేతుల్లోనూ పొట్లాలున్నాయి.

తౌఫీక్ పొట్లం అందుకుని గాలి మిషను మీద, దసరా బొట్టు పక్కన పెట్టాడు. కడుగుడు గిన్నె దగ్గరికి లాక్కుని, వెంకటకృష్ణ ముఖంలోకి చూసి, నిన్నటి వాక్యాన్నే మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఈసారి గొంతు వణకలేదు.